ఒక్క రోజుకే చెల్లుతుంది

ఎవరో కవర్లో పెట్టి
మోటెల్ కౌంటర్ మీద వదిలి వెళ్ళారు.
నాలుగు పార్కు టికెట్లు,
ఆదివారం దాటితే చిత్తుకాగితాలు.

కిసిమ్మీ హైవే పక్కన మా ఇరవై గదుల్లో
వారం వారం అద్దె మీద పెరుగుతున్న పిల్లలు
పదకొండుమంది.
నాలుగుని పదకొండుమందికి పంచే లెక్క
ఏ బళ్ళోనూ చెప్పలేదు నాకు.

చీటీలు వేశాను. పద్నాలుగో నంబరు గది.
మారిసెల్, ఆమె ఇద్దరు పిల్లలు.
నాలుగోది ఎదురుగది జోవానీకి,
అడక్కుండా నిలబడ్డందుకు.

మారిసెల్ ఆ పార్కు హోటల్లోనే దుప్పట్లు ఉతుకుతుంది
ఆరేళ్ళుగా, వెనక గేటు.
ఆ రోజు ముందు గేటులోంచి వెళ్ళి
చిన్నవాళ్ళని పెద్దదానికి అప్పజెప్పి
నీడున్న బెంచీ వెతుక్కుని
సాయంత్రం దాకా నిద్రపోయిందట.
"నూటముప్పై డాలర్ల నిద్ర!" అని నవ్వింది,
చెంప మీద బెంచీ చారలతో.

రోజూ రాత్రి తొమ్మిదింటికి
మా పార్కింగ్ లాట్‌లోంచి
తారాజువ్వల పైసగమే కనిపిస్తుంది.
ఇవాళ జోవానీ
మిగతా పిల్లలకి కింది సగం చెబుతున్నాడు,
గొంతుక్కూర్చుని
రెండు చేతులూ నేలకానించి
అక్కణ్ణించి మొదలుపెట్టి.