సప్పుడుంది, బొమ్మ లేదు

బొమ్మ పోయింది.
సప్పుడు పోలేదు.

నల్లటి అద్దం ఎనక ఎవడో ఇంకా ఉరుకుతనే ఉన్నడు.
గచ్చు మీద బూట్లు టకటకమంటున్నయ్,
రేకుల మీద వాన, వాన మీద తుపాకి మోత.
నా చెయ్యి మౌసు మీదనే ఉంది,
ఎటు తిప్పాల్నో తెల్వది.
కొంచెం సేపటికి ఒక అరుపు.
అది నేనే అయ్యుంట.

పదకొండేండ్ల డబ్బా ఇది.
రెండు సీజన్లు ధర్మాబాద్ మోండాల మిర్చి బస్తాలు కుట్టిన కూలి,
పైన పోశెట్టి కాక దగ్గర చేబదులు,
నాందేడ్ నుంచి రైల్ల ఒళ్ళో పెట్టుకొని తెచ్చిన.
అప్పుడు దాని మూడు పంఖాలు నీలంగ వెలిగేటివి.
ఇప్పుడొకటే వెలుగుతది,
అది గూడ దానికి మనసైతే.

మొదలు వైరు. పీకిన, ఊదిన, మల్ల పెట్టిన.
మానిటర్ తప్పేమో అని
సేటు అడత్‌ల రేట్లు సూపెట్టే టీవీని అడుక్కొచ్చిన.
నిన్నటి దాక తేజా మిర్చి ధర మోసిన అద్దం
ఇయ్యాల "నో సిగ్నల్" అని ఒక్క ముక్కను
ఈ గోడ నుంచి ఆ గోడకు ఈత కొట్టిచ్చింది.
ధోండిబా వైర్‌మన్ వచ్చి, టెస్టర్ పెట్టి,
"లైట్ ఆహే" అని చెప్పులేసుకున్నడు.
లైటుంది. ఆయన పని అంతవరకే.

మూత ఇప్పిన.
లోపలంత ఎర్రగ.
దుమ్ము గాదు, మిర్చి.
పదకొండు ఎండకాలాల మోండా గాలి
రెక్కరెక్కకు పేరుకోని ఉంది.
బ్రష్ పెట్టంగనే నేను, గోదా, గడపల పండిన పిల్లి
ముగ్గురం తుమ్మినం.
లోపలి నుంచి అవ్వ: "పోపు మాడుతుందారా?"

గోదా మా అక్క బిడ్డ. ఆరో తరగతి, మరాఠీ బడి.
దాని కంపాసుల ఖోడ్‌రబ్బర్ అడిగితే
పండ్లతోని కొరికి సగమే ఇచ్చింది.
ఆ సగంతోని ర్యామ్ పట్టీల పసుపు అంచులు రుద్దిన,
అవ్వ ముక్కుపుల్ల తోమినంత మెల్లగ.
బటన్ నొక్కిన.

ఒక పొడుగు కూత. రెండు పొట్టి కూతలు.

గోదా వహీల రాసుకుంది. ఏందే అది అంటే సూపెట్టింది:
"బొమ్మల కార్డు కూసింది."
మాట తెలుగే, అక్షరాలు బాల్‌బోధ్.
దానికవే వస్తయ్. నాకూ శానా ఏండ్లు అవే.
ఒక్క స్టేషన్ అవతల బాసరల
పిల్లల ఏలు పట్టి బియ్యంల దిద్దిస్తరు.
నాకెవ్వరు పట్టలేదు.
బండి ఆలస్యమైన ఒక రాత్రి, బోర్డు కింద చాయ్ తాగుకుంట
హిందీ వరుసను తెలుగు వరుసకు ఆనిచ్చి
"బా" పట్టుకున్న, "స" పట్టుకున్న.
"ర" పట్టేలోపట బండొచ్చింది.

కార్డు పీకిన.
చేతిల ఇంకా ఎచ్చగనే ఉంది, పొదుగుడు ఇడిసిన గుడ్డు లెక్క.
నాందేడ్ అన్వర్ భాయ్ ఫోన్ల అన్నడు,
"ఓవెన్‌ల పెట్టి కాల్చు, టాంకాలు కరిగి అతుక్కుంటయ్."
ఓవెన్ ఎక్కడిది, పెంక ఉంది.
అవ్వ పెంక మీద చెయ్యి పెట్టింది:
"ఇది జొన్నరొట్టెది."

కార్డు లేకుంట వైరును తల్లిబోర్డుకే గుచ్చితే
వచ్చింది బొమ్మ, లావు లావు అక్షరాలతోని,
కంటిశుక్లం తీసిన మొదటి రోజు లెక్క.
గడియారం మాత్రం
నేను దీన్ని కొనకముందటి సాలుకు పోయి కూసుంది.
బటన్ సెల్లు సచ్చింది గావచ్చు. ఇరువై రూపాల పని.
ఆట మాత్రం తెరుసుకోదు. దానికి కార్డు గావాలె.

రాత్రి అందరు పన్నంక
కార్డు మల్ల దాని సందుల కూసోబెట్టిన.
అదే నలుపు. అదే వాన, అవే రేకులు.
గోదా ఎప్పుడు లేసొచ్చిందో,
స్పీకరుకు చెవి ఆనిచ్చింది.
"ఎడమ దిక్కు మామా. ఇద్దరున్నరు.
ఒకడు కుంటుతుండు."

తిప్పిన. కాల్చిన.
చీకట్ల ఎవరో పడ్డ సప్పుడు.

"కుంటోడు గాదు," అన్నది గోదా,
"ఇంకోడు."