ఎల్ పలకదు

సోమవారం. శ్రీకాకుళం కలెక్టరాఫీసు గోడవార
నా కుర్చీ, మడతబల్ల, మూడు కార్బన్ కాగితాలు.
అర్జీకి నలభై. ఇంగ్లీషులో అయితే అరవై.
ఇంగ్లీషులో ఉంటే సారు చివరిదాకా చదువుతాడని
జనానికి ఒక నమ్మకం.
నేను కాదనను. కాదంటే ఇరవై పోతుంది.

పలాస ఫస్టు బస్సుకి దిగారు పన్నెండుమంది,
జీడిపప్పు బట్టీల ఆడవాళ్లు.
వేళ్లకి జీడినూనె తిన్న నలుపు.
రేషను మిషను మీద బొటనవేలు పెడితే ఎర్రలైటు.
తుడిచి పెడితే మళ్లీ ఎర్రలైటు.
"నాను నాను కానంటంది బాబూ ఆ పెట్టి"
అంది బమ్మిడి దాలమ్మ.
నవ్వుతూనే అంది.

పన్నెండు అర్జీలకి డబ్బుల్లేవు, ఒక్కటే రాయమన్నారు.
అందుకని మొదటి వరసలోనే వేశాను ఆ మాట:
ఆన్ బిహాఫ్ ఆఫ్.

ముప్పై ఏళ్ల కిందట ఇదే మాటకి
మా గురువు పేడాడ సూరపరాజు గారు
నా వేలి కణుపు మీద రూళ్లకర్రతో కొట్టారు.
ఎల్ వదిలేశాను.
వినబడని అక్షరం ఎందుకు రాయాలని నా వాదన.
మన గుణింతంలో అలాంటివాళ్లు లేరు కదా,
రాసిన ప్రతిదీ నోరు తెరిచి తీరుతుంది.
"పలకదు. అయినా దాని చోటు దానిదే.
నీ బల్లముందు నిలబడేవాళ్లూ అంతే.
తీసేశావో, అర్జీ తప్పు" అన్నారాయన.
తర్వాత టీ తెమ్మని పంపించారు.

"ఏటది, ఆ రెండో ముక్క?"
దాలమ్మ కాగితం మీద వేలు పెట్టింది.
మీ తరఫున, అన్నాను.
"మరందల హాఫ్ అన్నావేటి? హాఫంటే సగవే గదా.
మా సావుకారు హాఫ్ రోజు కూలి అంటాడు."

చెప్పాను, నాకు తెలిసినంత.
సగం కాదమ్మా, వెనకటి రోజుల్లో ఆ దొరల ఊళ్లలో
హాఫ్ అంటే పక్క, వైపు.
అతని వైపున అని ఒక మాట,
అతని పక్కన అని ఇంకో మాట,
జనం నోట్లో నలిగి నలిగి రెండూ అతుక్కుపోయాయి.
ముందున్న బై అరిగి బి అయింది.
నడిమధ్యలో నడుమూ మధ్యా ఇరుక్కోలేదా,
అలాగే.

ఇన్ బిహాఫ్ అని రాసేవాళ్లూ ఉండేవారు.
మేలు కోరితే ఇన్, బదులు మాట్లాడితే ఆన్ అని
సూరపరాజు గారి చిరిగిన నిఘంటువులో చూశాను.
ఇప్పుడెవరికీ పట్టదు ఆ తేడా.
నాకే అప్పుడప్పుడు పడుతుంది,
అరవై రూపాయలు జేబులో వేసుకుంటూ
ఇప్పుడు నేను రాసింది ఏది అని.

అంతా విని దాలమ్మ
"మనకీ ఉంది గదా, పచ్చం" అంది.

పక్షం.
పెన్ను ఆగింది.
నెలలో సగం పక్షం.
తేలినీలాపురం కొంగకి రెక్క పక్షం.
ఒకరి కోసం నిలబడితే అదీ పక్షమే.
సగమూ పక్కా ఒకే మాటలో కాపురం చేస్తుంటే
ఇన్నేళ్లూ నేను
ఆ గుమ్మంలోకి తొంగి చూడలేదు.

ఇంకు పాడు మూత తీశాను.
ఒకరి తర్వాత ఒకరు ఒత్తారు.
పదకొండు వంకాయరంగు మచ్చలు.
గీత లేదు, చుట్టు లేదు,
ఏటి అడుగు గులకరాళ్లంత నునుపు.
సారు ఒప్పుకోడు. నాకు తెలుసు.

పన్నెండోది వెనక నిలబడిపోయిన గుంట,
సవర సుక్కి. మందస కొండ దిగి
బట్టీలో చేరి తొమ్మిది రోజులు.
ఒత్తింది.
చుట్టలు చుట్టలుగా గీతలు,
మధ్యలో చిన్న సుడి.
పదకొండుమందీ కాగితం మీదకి వంగి చూశారు.
కాసేపు ఎవరూ ఏమీ అనలేదు.
"దాచుకో గుంటా ఆ ఏలు" అంది దాలమ్మ.
"మా పచ్చాన అదొక్కటే ఉన్నాది."

వాళ్లు గేటు లోపలికి వెళ్లారు.
నేను కార్బన్ కాపీలు విడదీశాను.
మూడో కాగితంలో ఎల్ సరిగా పడలేదు.
పెన్ను పెట్టి
మళ్లీ దిద్దాను.