నెయ్యని గుడ్డ

మోకాలి వెనక, మడత పడే తావుల
ఏదో కొట్టుకుంటున్నదని ముందు కనిపెట్టింది గుల్జరీన్.
నా కాలు ఊతంగ పట్టుకొని లేస్తూ
"లోపల పిట్ట ఉన్నదా భాయ్?" అన్నడు.
నొప్పి లేదు. నొప్పి లేనిది రోగమెట్లయితది?

సోహార్‌ల పదకొండేండ్లు టైల్స్ పరిచిన.
ఈ ఊరిని నేను మోకాళ్ల మీదనే నడిచిన.
ఒకనాడు, నిప్పులు కురిసే ఎండల
ఎడమకాలి వేళ్లు మాత్రం చల్లబడ్డయి.

డాక్టర్ హిలాల్ కాగితం మీద గీసిండు:
నెత్తురు గొట్టం ఉబ్బింది.
కాలు కొయ్యం, చీల్చం.
గజ్జల కాడ సూది పట్టేంత కంత,
అందులకెళ్లి తీగ,
తీగ మీద ఇంకో గొట్టం, లోపలికి.

నమూనా చేతిల వెట్టిండు.
నేను సిరిసిల్ల సాంచాల మోతల పెరిగినోన్ని,
గోరుతో గీకి, లైటుకు పట్టి చూసిన.
పడుగు లేదు. పేక లేదు. అంచు అసలే లేదు.
"ఇది నేసింది కాదు సార్."
"కాదు, సాగదీసింది" అని నవ్విండు.
"నేసినోళ్ల గతి తెలిసే చేసిన్రు" అన్న.
నర్సు సూసమ్మ ఆ మాట ఆయనకు చెప్పలేదు.

మెలకువతోనే పండుకున్న.
మందు పారంగనే కాలంత వెచ్చగ,
చిన్నప్పుడు పక్క తడిపినట్టు సిగ్గయింది.
తెర మీద తీగ దిగుతుంటే
అచ్చు పండ్ల నడుమ పోగు దూర్చే అమ్మలెక్క
ఊపిరి బిగవట్టిన.
ఉబ్బు కాడ గుడ్డ విప్పుకున్నది.
పిట్ట ఊకుండిపోయింది.

కదలకుండ పండుకున్న ఆ రాత్రి
మంచం పక్క నేల మీద ఒక పలక
వెంట్రుక మందం లేచి కనబడ్డది.
ఎవడో జుమ్మారాత్రి తొందరల పెట్టిండు.

గోలీలు మానొద్దు, గొంతుకూసోవద్దు,
మోకాలు మస్తు ముడవద్దన్నరు.
మరి నేను తినేది ముడిచిన మోకాలి కూడు గద?
ఫోర్‌మన్ నన్ను కోత మిషను కాడ నిలవెట్టిండు.
జీతం నలభై రియాళ్లు తగ్గింది.

కుడికాలుకు గూడ ఉన్నదట. చిన్నదే.
ఆర్నెల్లకోసారి కొలుస్తరట.

పాదం మీద వేలు పెట్టి
రోజూ చూసుకోమన్నది సూసమ్మ.
క్యాంపుల అందరు పండుకున్నంక చూస్తున్న.
ఇటు, అటు. ఇటు, అటు.
డాక్టర్లు నాడి అంటరు దీన్ని.
మా ఇంట్ల నాడె అనేది.