ముద్ర లేని రాయి

ఆదోని మార్కెట్ యార్డులో
ఇరవై రెండేండ్లుగా నా పని
రాళ్ళను అనుమానించడం.

ఇరవై కిలోల ఇనపగుండు
ఏటికి ఎంతో కొంత అరుగుతుంది.
అది అబద్ధమాడదు పాపం,
అరిగిన సంగతి చెప్పదు, అంతే.
బోర్లా తిప్పి, అడుగు గుంతలో
రొంత సీసం కరిగించి పోసి
ఈ ఏటి ముద్ర సుత్తితో కొడితే
మళ్ళీ ఏడాది దాకా నిజం.
సీసం ఎక్కువైనా దోషమే,
ఆ రాయి రైతును తింటుంది.

బ్యాంకులు కూలిన సంవత్సరం
ముద్ర వేయించుకోడానికి ఎవరూ రాలేదు.
తూచడానికి ఏముందని?
జిన్నింగ్ మిల్లుల గేట్లకు తాళాలు,
తాళాల మీద బ్యాంకు సీళ్ళు,
ఆ బ్యాంకుకూ తాళం.
పోయినేటి పత్తి నూగు
కరెంటు తీగలకు చిక్కుకొని
వానలొచ్చే దాకా అట్లనే వేలాడింది.

అప్పుడు పైనుంచి మాట వచ్చింది:
పొదుపు.
గోడల మీద రాసినారు, రేడియోలో చెప్పినారు.
పత్తి కొనుగోలు కేంద్రం ఎత్తేసినారు,
చెరువు పనులు ఆపినారు.
మా ఆఫీసుకూ ఒక కాగితం:
సీసం కొనుగోలు, ప్రయాణ భత్యం
తదుపరి ఉత్తర్వుల వరకు నిలిపివేయడమైనది.
ఇల్లు నడిపినట్టే రాజ్యం నడపాల అన్నారు.
నేనూ తలాడించినా.
జీతం సగమొస్తే మా ఇంట్లో
కందిపప్పు పెసరపప్పయింది కదా.

మూడేండ్లకు కమిటీ ఒకటి దిగింది,
పునరాలోచనకంట.
రైతు విశ్రాంతి భవనంలో ఫ్యాన్ల కింద
నలుగురు సార్లు, ఒక మేడమ్.
తెర మీద గీత ఒకటి
దిగి, దిగి, ఇంకా దిగి
కొసన చుక్కలు చుక్కలుగా పైకి లేచింది.
"ఆ చుక్కలేంది సార్?" హమాలీ గిడ్డయ్య అడిగినాడు.
"అంచనా."
"ఓహో, ఇంకా మొయ్యని మూట."

నవ్వులు ఆగినాక వాడే లేచినాడు.
భుజాన కాయ, చేతిలో కొక్కెం.

"పొదుపు చెయ్యమంటిరి. చేస్తిమి.
నేను మాపటి టీ మానుకుంటి,
నేనొగన్నే కాదు, మా గుంపు నూటపదిమందిమి.
టీ బంకు దస్తగిరి
ఉరుకుందమ్మ తాన పాలు సగం తగ్గించె.
ఆయమ్మ బర్రెకు పత్తిచెక్క మాన్పించి
వట్టి సొప్ప ఏసె.
చెక్క అమ్ముడుబోక నూనె మిల్లు పండుకొనె.
మిల్లు పండుకుంటే గింజల మూట ఏది సార్?
మూట లేకుంటే నేనెవణ్ణి?
నేను మిగిలించిన టీ రూకలు
ఊరంతా తిరిగొచ్చి
నా కూలినే ఎత్తుకపాయె."

మేడమ్ కలం ఆగింది.
పెద్దసారు గొంతు సవరించుకున్నాడు:
లేని ఖజానా ఎక్కడినుంచి తెచ్చేది?
అప్పు చేస్తే రేపు కట్టేదెవరు?
అదీ నిజమే. గిడ్డయ్య కూర్చున్నాడు.

"బర్రె వట్టిపోయినాక మాత్రం కట్టేదెవరు?"
వెనక వరసలోంచి ఉరుకుందమ్మ.
గట్టిగా కూడా అనలేదు.
బర్రె ఇప్పుడామెకు లేదని
ఆ సార్లకు తెలియదు.

నన్నూ అడిగినారు, తూనికల శాఖ తరఫున
చెప్పేదేమైనా ఉందా అని.
లేదన్నా.

ఆ రాత్రి ఆఫీసు బీరువా తెరిచినా.
మఖమల్ పెట్టెలో ఇత్తడి రాళ్ళు,
ఊళ్ళోని రాళ్ళన్నిటినీ నేను సరిచూసే రాళ్ళు.
వీటిని సరిచూసేది కర్నూలు ల్యాబు.
పత్రం మీద తేదీ చదివినా:
గడువు తీరి మూడేండ్లు.
పోయిరావడానికి బత్తెం మంజూరు కాలేదు,
నేనూ గట్టిగా అడగలేదు.
ఈ మూడేండ్లు నేను కొట్టిన ప్రతి ముద్రా
ఎవరూ చూడని రాయిని నమ్మి కొట్టిందే.
గోడల మీద ఆ మాట రాసినోళ్ళు
ఏ పెట్టె తెరిచి చూసుకుంటారో.

పొద్దున్నే బస్సెక్కినా,
టికెట్టు నా జేబులోంచే.
పెట్టె ఒళ్ళో పెట్టుకున్నా, పసిబిడ్డలాగా.
ఎమ్మిగనూరులో బస్సు ఆగితే
దిగి టీ తాగినా.
ఇంకొకటి కూడా.