ఎనభై ఏడు గ్రాములు

కొబ్బరినూనె అరకేజీ.
కాస్టిక్ సోడా ఎనభై ఏడు గ్రాములు.
ఎనభై ఎనిమిదైతే ఏమవుతుందో
కాగితం మీద రాసి లేదు.

సంగడిగుంటలో మా ఇంటి వెనక, రేకుల పంచలో
స్టూలు మీద స్టీలు గిన్నె పెట్టాను.
అల్యూమినియం పనికిరాదు, కాస్టిక్ దాన్ని తినేస్తుంది.
ఇది నాకు ఒకరు చెప్పక్కర్లేదు,
కాలేజీ ల్యాబులో ఇరవై రెండేళ్లు సీసాలు కడిగినదాన్ని.
ఏటా జులైలో కొత్త పిల్లలకి మేడం చెప్పేది:
నీళ్లలో కాస్టిక్ వెయ్యాలి,
కాస్టిక్ మీద నీళ్లు పొయ్యకూడదు.
తలుపు దగ్గర బకెట్టుతో నిలబడి
ఇరవై రెండుసార్లు విన్నాను.
నువ్వోసారి కలుపు అని మాత్రం
ఎవరూ అనలేదు.

త్రాసు వీరాచారి గారిది.
ముక్కుపుడకలు తూచే పళ్లెంలో
తెల్లటి పలుకులు పోస్తుంటే ఆయన మొహం చూడాలి.
"కడిగే ఇస్తావుగా?"
"కడగడం నాకొచ్చు" అన్నాను.

పలుకులు నీళ్లలో పడగానే
పొయ్యి లేకుండానే గిన్నె కాగింది.
కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, దగ్గి,
ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసి
నవ్వుకున్నాను.

చల్లారాక నూనెలో పోసి తిప్పాను.
తిప్పాను.
పక్కింటి కుక్కరు ఏడు కూతలు కూసింది.
నూనె నూనెలాగే, నీళ్లు నీళ్లలాగే,
మాటల్లేని తోడికోడళ్లలా ఒకే గిన్నెలో.
చెయ్యి లాగేసి, ఇక పారబోద్దామనుకున్నప్పుడు
తెడ్డు నడిచిన దారి
మూసుకుపోకుండా అలాగే నిలబడింది.

ఇదంతా మస్తాన్‌బీ చేతుల కోసం.
మిర్చి యార్డులో తొడిమలు తీస్తుంది.
సాయంత్రం ఆరింటికి ఆటో దిగి
చేతులు వెనక్కి పెట్టుకుని నడుస్తుంది,
ఏదో దొంగిలించి తెచ్చినట్టు.
మనవరాలు పరుగెత్తుకొచ్చి కాళ్లు చుట్టేస్తే
మోచేతులతో దగ్గరికి తీసుకుంటుంది.
పెరుగు రాసి, కడిగి, మళ్లీ నూనె రాసి
రాత్రి తొమ్మిదయితే గానీ
ఆ అరచేతులు పిల్ల బుగ్గకి పనికిరావు.

చెప్పుల పెట్టెలో ప్లాస్టిక్ కవరు పరిచి పోశాను.
మర్నాడు కోస్తే పది బిళ్లలు, ఒక వంకర ముక్క.
మంచం కింద పేపరు మీద నాలుగు వారాలు ఆరాలి.
నాలుక కొసకి తాకించి చూసుకోవాలి,
జివ్వుమంటే కాస్టిక్ ఇంకా చావనట్టు.
మొదటి వారం జివ్వుమంది.
రెండో వారం. మూడో వారం.
నాలుగో వారమూ జివ్వుమంటే అప్పుడు వెలిగింది,
ఆ తెడ్డు
పండుమిర్చి పచ్చడి కలిపే తెడ్డు.
మా ఊళ్లో సబ్బుకి కూడా కారమే!
ఆ వాయితో వాకిలి కడిగాను.
చీమలు వారం రోజులు మా గడప తొక్కలేదు.

రెండో వాయికి పట్నంబజార్లో కొత్త తెడ్డు, ముప్ఫై రూపాయలు.
మళ్లీ వీరాచారి గారు, మళ్లీ మంచం కింద నాలుగు వారాలు.
ఈసారి నాలుక ఊరుకుంది.
రెండు బిళ్లలు పేపర్లో చుట్టి ఇచ్చాను.

నాలుగోరోజు గోడ మీంచి మస్తాన్‌బీ తల:
"మంట పోలేదక్కా. పెరుగే నయం.
జాకెట్ల చెమట మరకలకి మాత్రం భలే ఉంది."
నేను మంచిదన్నాను.
వెళ్లకుండా నిలబడింది.
"నిన్న పిల్ల నా వేళ్లు పట్టుకుని వాసన చూసింది.
కొబ్బరుండలు తెచ్చావా నానీ అంది.
నేనే లాగేసుకున్నా, ఎందుకైనా మంచిదని.
కొంచెం ఆగి లాగేసుకున్నా."

కాగితం తీసి ఎనభై ఏడు కొట్టేశాను.
ఎనభై నాలుగు.
కాస్త నూనె మిగిలిపోవాలి అందులో,
దేనితోనూ కలవకుండా, చర్మం కోసం.
త్రాసు మళ్లీ అడగాలి.
ఈసారి వీరాచారి గారికీ ఒక బిళ్ల,
ఆ వంకర ముక్క కాకుండా.