గడ్డం కాస్త కిందికి

కుతయిసీలో నవంబరు. రియోనీ నది బురదరంగు కట్టింది.
మెట్ల కింద నా స్టూడియో: ఒక దీపం, ఒక తెర,
కాలు కురచైన స్టూలు.
రొట్టెలు కాల్చే లామారా వచ్చింది,
తడి గొడుగు తలుపు వెనక నిలబెట్టి
పళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చినట్టు అంచున కూర్చుంది.

కొత్త కొట్టుకి బోర్డు కావాలట, బోర్డు మీద ఆమె బొమ్మ కావాలట.
"బెసో పట్టుబట్టాడు. మేనల్లుడు కదా, కాదనలేను.
నా ముఖం చూసి ఎవరు కొంటారయ్యా రొట్టె?"
అంటూనే సంచిలోంచి దువ్వెన తీసింది.

దీపం వేశాను.
అంతే, అప్పటిదాకా మాట్లాడిన మనిషి
లేచి వెళ్ళిపోయింది.
స్టూలు మీద మిగిలినవి
బిర్రబిగిసిన ఒక మెడ,
అరువు తెచ్చుకున్నట్టున్న రెండు చేతులు,
పాస్‌పోర్టు ఆఫీసులో ఎప్పుడో మర్చిపోయిన నవ్వు.
కుడిచేతి చొక్కా అంచుని మణికట్టు మీదికి
లాగుతోంది, మళ్ళీ లాగుతోంది.

ముప్పై ఏళ్ళ నా పాత పాఠం అప్పజెప్పాను:
భుజాలు వదిలెయ్యండి. ఊపిరి తీసుకోండి.
గడ్డం కాస్త కిందికి.
నిద్రపో అని గదమాయిస్తే
ఏ పసిపిల్ల కళ్ళు మూసింది గనక!
పన్నెండు ఫొటోలు తీశాను.
పన్నెండింటిలోనూ
పోలీసులు పట్టుకొచ్చిన లామారా.

"గివీ, నిన్నెవరైనా ఎప్పుడైనా తీశారా?"
నవ్వేశాను.
ఆమె నవ్వలేదు. లేచొచ్చి కెమెరా వెనక నిలబడింది.
"నువ్వు కూర్చో."

ఏముంది, నా స్టూలే, నా దీపమే.
కానీ ఆ గాజుకన్ను ఇటు తిరగ్గానే
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.
మోకాళ్ళ మీద పెడితే బడిపిల్లాణ్ణి,
ఒళ్ళో పెడితే దొంగసొత్తు.
పొట్ట లోపలికి లాక్కున్నాను.
మీకు ఎడమవైపు బాగుంటుంది, మీకు కుడివైపు అని
ఊరందరికీ చెప్పే నాకు
నా వైపేదో తెలియదు.
ఆఖరుసారి సైన్యంలో తీశారు, పంతొమ్మిదేళ్ళప్పుడు.
ఆ ఫొటోలో చెవులు తప్ప ఏమీ గుర్తులేదు.

"గడ్డం కాస్త కిందికి" అంది, అచ్చం నా గొంతుతో.
"ఊపిరి పీల్చుకో బాబూ, దానికి వేరే డబ్బులు తీసుకోను."
ఆ తర్వాత ఇంకేం అనలేదు.

ఊరికే ఉంది.
పిండి పొంగేదాకా ఉండేవాళ్ళ ఉండటం అది.
గుడ్డ తీసి చూడరు, వేలుపెట్టి గుచ్చరు,
గిన్నె పక్కన ఇంకేదో పని చేసుకుంటారు.
మెట్ల మీద వాన.
పై వాటాలో ఎవరో కుర్చీ జరిపారు.
ఎప్పుడు వచ్చేసిందో నా పొట్ట తన చోటికి తను వచ్చేసింది.
క్లిక్ అన్నప్పుడు
నేను వాన వింటున్నాను.

"నువ్వూ బెదురుతావన్నమాట" అంది,
అది శుభవార్త అయినట్టు.
"అయితే సరే."

మళ్ళీ స్టూలెక్కింది, ఈసారి నిండా.
ఒక చేయి నడుము మీద.
రెండోచేతి చొక్కా మోచేతిదాకా మడిచింది.
బావిలాంటి పొయ్యిలోకి తలదూర్చి
గోడకి రొట్టెలు చరిచిన ఏళ్ళన్నీ
గోధుమరంగు వాతలై వరుసగా ఉన్నాయక్కడ.
"ఇవి పడాలి" అంది, "సరిగ్గా పడాలి."

నేను పాఠం చెప్పలేదు.
దీపం ఒక జానెడు పక్కకి జరిపి
ఊరికే ఉన్నాను. రాదు నాకింకా బాగా,
రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాను.

ఇప్పుడు వంతెన దగ్గర వేలాడుతోంది ఆ బోర్డు.
నవ్వు లేదు. కిటికీలోంచి తొంగి
ఎన్ని కావాలి, తొందరగా చెప్పు, అన్నట్టుంటుంది.
పొద్దున్నే జనం అలాగే చెబుతున్నారు, తొందరగా.

నా బొమ్మలో ఎడమచెవి తెగిపోయింది,
ఫోకస్ నా వెనక తెర ముడత మీద పడింది.
అయినా పారెయ్యలేదు.
ఆమె నాకు డబ్బులివ్వలేదు, నేను అడగనూ లేదు,
పడవల్లాంటి రెండు వేడి రొట్టెలు కాగితంలో చుట్టి పంపింది.
ఇల్లు చేరేసరికి ఒకటే ఉంది.