ఈవేళ కుదరనిది

కాశీబుగ్గలో మా బడికి
కొత్త హెడ్‌మిస్ట్రెస్ వచ్చిన రోజు
స్టాఫ్ రూములో పందెం వేసుకున్నాం,
ఎన్నాళ్ళకి బదిలీ పెట్టుకుంటుందోనని.
నేను ఆర్నెల్లన్నాను.
ఇరవై రెండేళ్ళుగా లెక్కలు చెప్తున్నవాణ్ణి,
నా అంచనా తప్పదు.

సనపల నీలవేణి గారు
గోడలకి రంగులు వేయించలేదు.
గేటు మీద సూక్తులు రాయించలేదు.
నీలి అట్ట పుస్తకమొకటి తెచ్చి
టీ ఫ్లాస్కు పక్కన పెట్టారు.
మొదటి పేజీలో ఆవిడ చేతిరాతే:
"ఈవేళ కుదరనిది:
ప్రార్థనలో పదకొండు నిమిషాలు మాట్లాడాను.
నాలుగో వరసలో ఒకమ్మాయి
నిలబడే నిద్రపోయింది."

మేమెవరం రాయలేదు.
వారమంతా ఆవిడొక్కరే రాసుకున్నారు
తన తప్పులు, తారీకులతో సహా,
కిరాణా కొట్లో అరువు పద్దులా.

ఒక మంగళవారం నా క్లాసుకొచ్చి
కుర్చీ వద్దని
చివరి బెంచీలో ఢిల్లేసు పక్కన
ఇరుక్కుని కూర్చున్నారు.
నాకు ఒళ్ళు మండింది.
దశాంశాల భాగహారం అయ్యేలోగా
సుద్దముక్క మూడుసార్లు విరిగింది.
బయటికొచ్చాక నా పాఠం గురించి ఒక్క మాటా అనలేదు.
"మాస్టారూ, వాడి వేళ్ళు చూశారా?"

చూడకేం.
జీడిపిక్కల జిగురుకి నల్లబడి
తోలు లేచిన వేళ్ళు.
పలాస గాలిలోనే ఉంటుంది ఆ కాలిన పొగ.
కొన్నాళ్ళకి ముక్కు అలవాటు పడిపోతుంది.
కళ్ళూ అంతే.

"తెల్లారకుండా అమ్మతో కూర్చుని పిక్కలు కొట్టీసి వస్తున్నాడట.
అప్పటికి మీ మొదటి పీరియడు సగమైపోతోంది."

రెండేళ్ళుగా నేను వాణ్ణి
'లేటు' అనే పిలిచాను.
అదే పేరన్నట్టు పలికేవాడు.

లెక్కల్ని మూడో పీరియడుకి మార్చాం.
బాగుపడిందనుకున్నాం.
నెల తిరక్కుండా ఇంగ్లీషు చెప్పే లోలాక్షి
ఎర్ర ఇంకుతో రాసింది:
"ఈవేళ కుదరనిది:
లెక్కలు దాటిన గొయ్యిలో
ఇంగ్లీషు పడింది."
నీలవేణి గారు పడీపడీ నవ్వి,
"అద్దీ! ఇప్పుడు మొదలైంది పని" అన్నారు.

మళ్ళీ మార్చాం.
మొదటి గంట వట్టి చదువుకోవడమే.
ఎప్పుడొస్తే అప్పట్నుంచి,
ఎక్కడాగితే అక్కణ్ణుంచి.

ఆ సాయంత్రం జీడి ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డారావిడ.
నేనూ వెనకే వెళ్ళాను, ఎందుకో.
ఢిల్లేసు తల్లి పైట చెంగుతో చేతులు తుడుచుకుంటూ,
"నానేటి సేతునమ్మా,
కేజీకింతని లెక్క.
గుంటడి సెయ్యి కూడా పడితేనే
పొయ్యి మీదికి ఎసరెక్కుద్ది" అంది.

మర్నాడు పుస్తకంలో:
"ఈవేళ కుదరనిది:
ఆమెకి చెప్పడానికి
నా దగ్గర మాట లేకపోయింది."
కింద సగం పేజీ ఖాళీ వదిలారు.
అది ఇప్పటికీ ఖాళీయే.

తనిఖీకొచ్చిన ఆఫీసరు
పుస్తకం తిరగేసి, కళ్ళజోడు తీసి,
"ఇవన్నీ తప్పులే కదమ్మా?" అన్నాడు.
"అవునండీ. కానీ కొత్తవి.
పాతవి అయిపోయాయి."

పందెం డబ్బులు ఎప్పుడో కట్టేశాను.
ఆవిడొచ్చి ఇది మూడో వానాకాలం.
నాలుగో పుస్తకం నడుస్తోంది,
నీలిది దొరక్క ఆకుపచ్చ అట్టది.
నిన్న నా వంతు రాసిపెట్టాను:

"ఈవేళ కుదరనిది:
ఢిల్లేసు సమీకరణంలో గుర్తు తారుమారు చేశాడు.
వెంటనే దిద్దేశాను.
ఎలా ఆలోచించావురా అని అడగలేదు.
రేపు ముందు వాడి దగ్గరికే వెళ్ళాలి."